తిరువయ్యారు ఆరాధనకి బరంపురం నుంచి వెళ్ళొచ్చాం, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళ కోసం

ముందే చెప్పేస్తున్నా, ఇది కచేరీ రివ్యూ కాదు, చోటు రివ్యూ. ఎవరు బాగా పాడారు, ఎవరికి శ్రుతి తప్పింది అని చెప్పేంత సంగీతం నాకు రాదు. మా అత్తయ్యకి వచ్చు. ఆవిడకి 72 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, బీపీ మాత్రలు, అయినా నా పెళ్ళైన దగ్గర్నుంచీ వింటున్నా, ఒకటే కోరిక, త్యాగరాజస్వామి సమాధి దగ్గర ఇసకలో కూర్చుని పంచరత్నాలు, అంటే ఆయన అయిదు పెద్ద కీర్తనలు, అందరితో కలిసి పాడాలని. ఈసారి పుష్య బహుళ పంచమికి, అంటే స్వామి సమాధి అయిన తిథికి జరిగే ఆరాధనకి, తీసుకెళ్ళాను. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు మనవాళ్ళు ఎవరైనా ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకెళ్దామనుకుంటే పనికొస్తుందని రాస్తున్నా. వీడియోలు బోలెడున్నాయి గానీ ఎన్నింటికి వెళ్ళాలి, ఎక్కడ కూర్చోవాలి, కింద కూర్చోలేనివాళ్ళ సంగతేంటి అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు నాకు.

ప్రయాణం సంగతి త్వరగా చెప్పేస్తా. బరంపురంలో రాత్రి కోరమాండల్ ఎక్కితే మర్నాడు సాయంత్రానికి చెన్నై సెంట్రల్, అక్కణ్ణించి ఆటోలో ఎగ్మోర్, ఎగ్మోర్‌లో రాత్రి బండి ఎక్కితే తెల్లారేసరికి తంజావూరు. రెండు రాత్రులు బండిలోనే అవుతాయి కాబట్టి పెద్దవాళ్ళకి కింద బెర్తు దొరికేలా ముందే చూసుకోండి, మేం రెండు నెలల ముందు బుక్ చేశాం కాబట్టి సరిపోయింది. తిరువయ్యారులోనే రూమ్ దొరకడం ఉత్సవం జరిగే ఆ అయిదు రోజుల్లో చాలా కష్టం, తంజావూరులో ఉండి రోజూ వెళ్ళిరావడమే నయం, 13 కిలోమీటర్లే, టౌన్ బస్సులు వస్తూనే ఉంటాయి. లాడ్జి విషయంలో మాత్రం మాకు చేదు అనుభవం. ఫోన్లో గ్రౌండ్ ఫ్లోర్ రూమ్ అని రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుని అడ్వాన్స్ పంపితే, తీరా వెళ్ళాక మూడో అంతస్తు ఇచ్చారు, లిఫ్ట్ లేదు. అత్తయ్య ఏమీ అనలేదు, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టు ఎక్కబోయింది, నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అడ్వాన్స్ పోతే పోయిందని పక్క వీధిలో ఇంకోటి చూసుకున్నాం. కాబట్టి రూమ్ ఫొటో, ఏ అంతస్తో, వాట్సాప్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోండి, నోటిమాట నమ్మకండి.

ఇక అసలు చోటు. కావేరి ఒడ్డున చిన్న గుడిలాంటి సమాధి, దాని ముందు పెద్ద పందిరి. గోడల్లేవు, నది మీంచి వచ్చే గాలి నేరుగా మొహానికి తగుల్తుంది. కింద ఇసక, ఇసక మీద జంపఖానాలు, వెనక వైపు కుర్చీలు. టికెట్ లేదు, పాసు లేదు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. పంచమి రోజు గోష్ఠిగానం, అంటే అందరూ కలిసి పంచరత్నాలు పాడడం, దగ్గర దగ్గర 9 గంటలకి మొదలవుతుంది, కానీ 9కి వెళ్తే మీకు కనపడేది ముందువాళ్ళ వీపులే. మేం ఆరున్నరకల్లా అక్కడున్నాం, అప్పటికే సగం నిండిపోయింది. ఆ పొద్దున త్యాగరాజస్వామి ఉన్న తిరుమంజన వీధి ఇంటి దగ్గర్నుంచి ఉంఛవృత్తి భజన, అంటే పాడుతూ వీధిలో భిక్ష అడుగుతూ సాగే ఊరేగింపు, బయల్దేరి సమాధి దాకా వస్తుంది, అది చూడాలంటే ఇంకా ముందు వెళ్ళాలి, రెండూ కావాలంటే ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు చోటు పట్టుకోడానికి. నేను చోటు పట్టుకున్నా, అత్తయ్యని మా అబ్బాయి వీధి మలుపు దాకా తీసుకెళ్ళి చూపించి తీసుకొచ్చాడు. చలికాలం కదా అని పొద్దున శాలువా కప్పుకుంటాం, పదయ్యేసరికి ఎండ పక్కనుంచి లోపలికొచ్చేస్తుంది, అందుకని నదివైపు అంచున కాకుండా రెండు స్తంభాలు లోపలికి కూర్చోండి.

కింద కూర్చోలేనివాళ్ళకి కుర్చీలున్నాయి గానీ అవి దూరం. అత్తయ్య కుర్చీ వద్దంది. ఇంటి దగ్గర పీట మీద కూర్చుని అప్పడాలు ఒత్తే మనిషి, చిన్న మడత పీట ఒకటి సంచిలో తీసుకెళ్ళాం, వెనకవాళ్ళకి అడ్డం కానంత ఎత్తు, అదే కాపాడింది. ఈ ఒక్క సలహా కోసమైనా ఈ రివ్యూ రాయొచ్చు అనిపించింది నాకు.

సౌండ్ గురించి ఉన్నదున్నట్టు చెప్తా. విద్వాంసులు సమాధికి ఎదురుగా మధ్యలో దారి వదిలి, ఎదురెదురు వరసల్లో కూర్చుంటారు, మైకులు వాళ్ళ మధ్య ఉంటాయి. మీరు వెనకెక్కడో కూర్చుంటే స్పీకర్లోంచి వచ్చే పాట ఒకటి, ముందునుంచి గాల్లో వచ్చే పాట ఒకటి, మీ పక్కవాళ్ళు పాడేది ఒకటి, మూడూ కొంచెం కొంచెం వెనకాముందూగా చెవిలో పడతాయి. మొదటి కీర్తన అంతా నాకు గజిబిజిగానే ఉంది, మా అబ్బాయి అయితే ఇదేంటమ్మా ఇలా ఉంది, ఫోన్లో బాగుంటుంది కదా అన్నాడు. అత్తయ్య చెప్పిన చిట్కా ఏంటంటే స్పీకర్ వినడం మానేసి ముందు వరసలో ఎవరో ఒక పెద్దాయన చెయ్యి చూస్తూ ఆదితాళం పట్టుకోవాలి, అయిదు కీర్తనలూ ఆదితాళమే కాబట్టి ఒక్కసారి చెయ్యి కుదిరిందంటే ఇక చెవి తనంతట తనే సర్దుకుంటుంది. నిజంగానే సర్దుకుంది. రెండో కీర్తన దుడుకుగల మధ్యలో ఎక్కడో నా చెయ్యి కూడా తొడ మీద పడుతోందని చూసుకున్నా. ఆ తర్వాత అది పాట వినడంలా లేదు, వానలో నిలబడ్డట్టుంది, ఏ చినుకు ఎక్కణ్ణించి పడుతోందో ఎవరు లెక్కపెడతారు.

ఇంకో మాట, ఫోన్లు పైకెత్తి వీడియో తీసేవాళ్ళు దయచేసి అర్థం చేసుకోండి. మా ముందు ఒకాయన జగదానందకారక మొదలైన దగ్గర్నుంచి రెండు చేతులూ పైకెత్తే ఉన్నాడు, అంత దూరం నుంచి వచ్చిన ముసలావిడకి సమాధి కనపడకుండా. మా అబ్బాయి మెల్లగా భుజం తట్టి చెప్తే దించాడు, మంచాయనే, కానీ చెప్పించుకోకూడదు కదా.

ఇప్పుడు అసలు నేను ఇది ఎందుకు రాస్తున్నానో ఆ సంగతికి వస్తా. అత్తయ్య బరంపురంలోనే పుట్టి పెరిగింది, చదువంతా ఒడియా బడిలో, తెలుగు మాట్లాడ్డమే గానీ రాయడం చదవడం రాదు. చిన్నప్పుడు వాళ్ళ వీధిలో ఒక పంతులుగారి దగ్గర పాట నేర్చుకుంది, ఆయన చెప్తుంటే తను ఒడియా అక్షరాల్లో రాసుకుంది. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ ఉంది, అట్ట ఊడిపోతే పాత పట్టుచీర అంచుతో కుట్టింది. ఒడియాలో ఎ, ఏ రెండిటికీ ఒకటే అక్షరం, ఒ, ఓ కి కూడా అంతే, అందుకని దీర్ఘం ఉన్నచోటల్లా పైన పెన్సిల్‌తో చిన్న అడ్డగీత పెట్టుకుంది. మా ఆడబడుచు పిల్లలు అదే నోట్‌బుక్ చూసి చదివితే జొగొదానొందొ కారొకొ అని వస్తుంది, ఒడియా నోటికి అలాగే తిరుగుతుంది మరి, అత్తయ్య ఓపిగ్గా కాదమ్మా, జ గ దా అని ఒక్కో అక్షరం పలికిస్తుంది.

ఆ నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన కుంభకోణం నుంచి వచ్చిన ఒకావిడ, దాదాపు అత్తయ్య వయసే, ఆవిడ ఒళ్ళో అరవంలో అచ్చేసిన పుస్తకం. అరవంలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం, అందుకని అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అని అంకెలు వేసి ఉన్నాయి, గ కావాలంటే 3, ఘ కావాలంటే 4. నేను వంగి చూశా, పేజీ నిండా అక్షరాల పక్కన అంకెలే, లెక్కల పుస్తకంలా ఉంది. ఆవిడ మా నోట్‌బుక్ చూసి గుండ్రంగా ఉన్న ఆ అక్షరాలు తెలుగే అనుకుని "తెలుంగా?" అని అడిగింది. అత్తయ్య "నోరు తెలుగు, అక్షరం ఒడియా" అని చెయ్యి తిప్పుతూ చెప్పింది, ఆవిడకి ఎంత అర్థమైందో తెలీదు, నవ్వేసి అత్తయ్య చెయ్యి పట్టుకుంది. ఒకరి పుస్తకం ఒకరికి ఒక్క ముక్క చదవడం రాదు, ఇద్దరిలో ఒక్కరి దగ్గరా తెలుగు అక్షరం లేదు, కానీ పాట మొదలైంది అంటే ఇద్దరి నోటా ఒకటే మాట.

సాధించెనే దగ్గర ఒక విషయం జరిగింది. ప్రతి చరణం అయ్యాక అందరూ సమయానికి తగు మాటలాడెనే అని ఎత్తుకుంటారు, అత్తయ్యేమో పంతులుగారు నేర్పినట్టు మళ్ళీ సాధించెనే అని వెనక్కి వెళ్ళింది. ఒంటరిగా వినపడింది గొంతు. ఆపేసి తలొంచుకుంది. కుంభకోణం ఆవిడ ఏమీ అనకుండా మోకాలి మీద రెండు వేళ్ళతో తట్టి, తన పుస్తకంలో ఆ లైన్ కింద వేలు పెట్టి చూపించింది, అత్తయ్యకి చదవడం రాదు కదా, అయినా ఆ వేలు ఎక్కడుందో చూస్తూ తర్వాత చరణం నుంచి సరిగ్గా అందుకుంది. కనకన రుచిరాకి ఇద్దరూ ఒకే తాళం. ఆ కీర్తన వరాళి రాగం, ఆ రాగం గురువు నోటితో నేర్పకూడదంటారట, అత్తయ్య పంతులుగారు కూడా ఆ ఒక్కటీ గోడవైపు తిరిగి పాడుతుంటే తను వెనక కూర్చుని పట్టుకుందట. ఎందరో మహానుభావులు వచ్చేసరికి మా చుట్టూ పాడనివాళ్ళు ఎవరూ లేరు, నీళ్ళ బాటిల్స్ అమ్మే కుర్రాడు కూడా బుట్ట దించి నిలబడ్డాడు.

నాకు ఒకటే అనిపించింది. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల, వాళ్ళ పెద్దలు తెలుగునేల నుంచి వలస వెళ్ళినవాళ్ళు, ఈయన తిరువారూరులో పుట్టి తిరువయ్యారులో బతికి 1847లో అక్కడే సమాధి అయ్యాడు. చుట్టూ అరవం, ఇంట్లో తెలుగు. మనకీ అంతేగా, చుట్టూ ఒడియా, ఇంట్లో తెలుగు. మా పిల్లలకి తెలుగు ఎందుకు నేర్పడం, ఇక్కడ దేనికి పనికొస్తుంది అని మా చుట్టాల్లోనే ఎంతమంది అంటారో. ఆయన రాసింది ఇంట్లో మాట్లాడుకునే ఆ భాషలోనే, దాన్ని తెలుగు రానివాళ్ళు అంకెలు వేసుకుని మరీ నేర్చుకుంటున్నారు.

సమాధికి దణ్ణం పెట్టుకున్నాక అందరూ వెనక్కి తిరిగి వెళ్ళిపోతారు, మీరు అలా వెళ్ళకండి. సమాధి వైపే చూస్తూ బెంగుళూరు నాగరత్నమ్మ గారి విగ్రహం ఉంది, చేతులు జోడించి. పాడుబడిపోయిన సమాధి చోటుని తన సొంత డబ్బుతో కొని 1920ల్లో గుడి కట్టించింది ఆవిడే. దేవదాసీ కుటుంబంలో పుట్టిన గాయని. గుడి తను కట్టించినా ఆడవాళ్ళు అక్కడ పాడకూడదన్నారు అప్పటి పెద్దలు, ఆవిడ ఊరుకోకుండా ఆడవాళ్ళని పోగేసి వేరే బృందంగా పాడించింది. 1940 ప్రాంతంలో గానీ అందరూ ఒక్కటి కాలేదు. 1952లో ఆవిడ పోతే సమాధి కూడా అక్కడే, త్యాగరాజస్వామికి ఎదురుగా. ఈ సంగతి చెప్తే అత్తయ్య స్వామి దగ్గర పెట్టినన్ని పూలే ఆవిడ దగ్గరా పెట్టింది. నేను పాడానంటే ఈవిడ పుణ్యమేనే అమ్మాయ్ అంది. నిజమే కదా, ఈ పొద్దు ఆ పందిట్లో సగానికి పైగా ఆడగొంతులే.

మిగతా రోజుల్లో పొద్దుటినుంచి రాత్రిదాకా కచేరీలే, ఒక్కొక్కరికీ ఇచ్చేది కొద్ది నిమిషాలు, పెద్ద పేరున్నవాళ్ళైనా కొత్తవాళ్ళైనా దాదాపు అంతే. ఒక పాట పాడి నమస్కారం పెట్టి దిగిపోతారు. కచేరీలా నిదానంగా వినాలనుకునేవాళ్ళకి ఇది నచ్చకపోవచ్చు, ఊపందుకునేలోపే అయిపోతుంది. కానీ ఒక సాయంత్రం పదేళ్ళు కూడా ఉండవు, ఒక పాప వచ్చింది, పట్టు పరికిణీ, తంబురా కంటే చిన్నగా ఉంది. మొదటి ముక్క వణికింది, రెండోదానికి నిలబడింది. అత్తయ్య ఒక్కసారి నా మోచెయ్యి పట్టుకుని సుబ్బులక్ష్మి కూడా ఇంతే కదే అప్పటికి అంది.

ఆ మాట మీదే మా ప్లాన్ ఒక రోజు పొడిగించి తిరుచ్చి వెళ్ళాం. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు 1927లో, పదకొండేళ్ళ వయసులో, మొదటి కచేరీ చేసింది అక్కడి రాక్‌ఫోర్ట్ గుడి వందస్తంభాల మండపంలో. వయొలిన్ మైసూరు చౌడయ్య, మృదంగం దక్షిణామూర్తి పిళ్ళై, అంటే ఆ రోజుల్లో కొమ్ములు తిరిగిన విద్వాంసులు, అటొకరు ఇటొకరు, మధ్యలో పదకొండేళ్ళ పిల్ల. మన బాలమురళీకృష్ణ గారు కూడా ఎనిమిదేళ్ళకే విజయవాడ ఆరాధన ఉత్సవంలో పూర్తి కచేరీ చేశారు, కానీ అత్తయ్యకి సుబ్బులక్ష్మి అంటే ప్రాణం, రేడియో వినే రోజుల నుంచీ. అక్కడ పెద్దవాళ్ళతో జాగ్రత్త, కొండ పైన ఉచ్చి పిళ్ళయార్ దాకా ఎక్కాలంటే నాలుగొందల పైచిలుకు మెట్లు, మేం ఆ జోలికి పోలేదు. వందస్తంభాల మండపం కిందివైపే, నెమ్మదిగా ఆగి ఆగి ఎక్కించాం. మేం వెళ్ళిన పూట అక్కడ పెద్దగా జనం లేరు, అంచున నిలబడి చూశాం. రాతి స్తంభాలు, నీడ, గబ్బిలాల వాసన, దూరంగా ఎక్కడో గంట. అత్తయ్య ఒక స్తంభానికి చెయ్యి ఆన్చి, చాలా మెల్లగా, నాకు మాత్రమే వినపడేంత, ఆఆ అని ఒక్క షడ్జమం పట్టింది. రాయి తిరిగి పలికింది. నిజంగా, ఆ శబ్దం పైకప్పు దాకా వెళ్ళి కిందికి దిగినట్టు వచ్చింది. ఇప్పటిలాంటి సౌండ్ బాక్సులు ఎక్కడివి ఆ రోజుల్లో, ఆ పిల్ల గొంతుకి ఈ రాళ్ళే తోడు అయ్యుంటాయి అంది.

ఇంకో సంగతి, 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా మన బరంపురం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆ పిల్ల పాడిన నాటికి తిరుచ్చీ మన ఊరూ ఒకటే రాష్ట్రం. మా అబ్బాయికి చెప్తే బండిలో రెండు రాత్రులు పట్టిందమ్మా అన్నాడు, ఆ సంగతీ నిజమే.

తిండి గురించి. అరిటాకు భోజనం ఎక్కడ తిన్నా బాగుంది, సాంబారు మనదానికంటే పులుపు, పెద్దవాళ్ళకి పెరుగన్నం హాయి. తిరువయ్యారు వెళ్ళి అశోకా హల్వా తినకుండా రాకండి, పెసరపప్పుతో చేస్తారు, ఆకుమీద వేడివేడిగా వేస్తే నెయ్యి అంచులదాకా పాకుతుంది, నోట్లో పెట్టుకుంటే నమలక్కర్లేదు. బరంపురానికి తీసుకొచ్చాం, రెండో రోజుకి నెయ్యి పేరుకుంది, కొంచెం వేడి చేస్తే మళ్ళీ మామూలే. మేం తీసుకెళ్ళిన మన ఊరి అప్పడాలు ఒక కట్ట కుంభకోణం ఆవిడకి ఇచ్చాం, ఆవిడ తన పుస్తకంలోంచి ఒక పూల రేకు తీసి అత్తయ్య నోట్‌బుక్‌లో పెట్టింది.

నా లెక్కలో అయిదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానంటే పంచమి రోజు అంత జనంలో పెద్దవాళ్ళని బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళి మళ్ళీ చోటుకి తేవడం నిజంగా యాతన, ఎనిమిదిన్నరకల్లా ఆ పని కానిచ్చేసి కూర్చోండి, మళ్ళీ పదిన్నర దాకా లేవడం కుదరదు. ఒక్కరోజే కుదిరితే పంచమికి వెళ్ళండి, రెండు రోజులు కుదిరితే దానికి ముందు రోజు సాయంత్రం కూడా వెళ్ళి మీరు కూర్చోబోయే చోటు ఎంచుకుని, పెద్దవాళ్ళు ఏ దారిన నడవాలో చూసుకుని రండి.

మొన్న చూశా, అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని నోట్‌బుక్‌లో సాధించెనే పేజీ తీసి, ప్రతి చరణం చివర పాత లైన్ మీద సన్నగా గీత కొట్టి పక్కన పెన్సిల్‌తో ఒడియాలో సమయానికి అని రాస్తోంది. మా ఆడబడుచు కూతురు పక్కన కూర్చుని చూస్తోంది. మూడో చరణం దగ్గర పెన్సిల్ అరిగిపోతే, పిల్ల లేచెళ్ళి చెక్కి తెచ్చింది.